మా వదిన చాయ్ గిన్నెలు

హుస్నాబాద్ చిన్నమ్మా, నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? మెట్లెక్కవద్దని డాక్టరు చెప్పినా బట్టలారేయడానికి మిద్దె మీదికి పోతూనే ఉన్నావట, నిజమేనా? శ్రీరాంపూర్ తమ్ముడూ, బొగ్గు బాయి పని మానేసి ఇన్నేళ్లయింది, నీ దగ్గు మానిందా? ఆదిలాబాద్ పెద్దబిడ్డా, షుగర్ గోలీలు వేళకు వేసుకుంటున్నావా, పండ్లు తింటే ఏం కాదులే అనుకుంటున్నావా? ఇది చదువుతున్న మిగతా అందరూ, మీరెవరో నాకు తెలియకపోయినా సరే, తిన్నారా? బాగున్నారా?

ఇట్లా ఒక్కొక్కరిని వరుసగా అడగడం నా అలవాటు కాదు, మా వదినది. నేను అడిగితే ఎదుటి మనిషికి లేని రోగం గుర్తుకొస్తుంది. ఆమె అడిగితే ఉన్న రోగం కొంచెంసేపు మరిచిపోయేవాళ్లు. అడుగుతూనే ఎవరి మట్టి గిన్నె వాళ్ల ముందు పెట్టి చాయ్ పోసేది. ఇక అడగదు. శ్రావణంలో ఒక పొద్దున, ముసురు పట్టి ఉండగా, మా వదిన జమ్మికుంటలో తన ఇంట్లోనే కన్ను మూసింది.

నాకు ఫోను మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందనే అనిపిస్తుంది. చెయ్యి తుడుచుకుని ఫోను దాకా పోయేలోపల నలుగురైదుగురిని చంపి బతికిస్తాను. ఆ రోజు మాత్రం గ్యాసు బండ వాడేమో అనుకుని ఏ భయమూ లేకుండా ఎత్తాను. జీవితంలో ఒక్కసారి నిమ్మళంగా ఫోను ఎత్తితే, ఆ ఒక్కసారే ఇట్లా అయింది. అప్పటినుంచి ఇంట్లో ఒక దగ్గర కూర్చోలేకపోతున్నాను. పొయ్యి ఆర్పానా లేదా అని లేస్తాను, గడియ వేశానా లేదా అని లేస్తాను. ఇది రాస్తూ కూడా మూడుసార్లు లేచాను. నేను చదివింది మూడో తరగతి. మా సంఘం పత్రిక వాళ్లు ఆమె గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. తప్పులుంటే వాళ్లే దిద్దుకుంటారు.

ఆమె మా ఆయనకు అక్క. మాది మగ్గాల ఇల్లు. మా ఆయన మరమగ్గం నడిపేవాడు. ఆమెను మాత్రం శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయిలో పనిచేసే ఆయనకు ఇచ్చారు. చాలా ఏళ్లు అక్కడ క్వార్టర్‌లో ఉన్నారు, ఆయన రిటైరయ్యాక జమ్మికుంటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక బిడ్డ, అల్లుడు వచ్చి ఆమె దగ్గరే ఉన్నారు.

ఆ ఇంట్లో వంటగదికి ఆనుకుని గోడకు పొడుగ్గా ఒక చెక్క కొట్టించింది. దాని మీద బోర్లించి మట్టి గిన్నెలు, కప్పులు, చిన్న చిన్న ముంతలు. అన్నీ చాయ్‌కే. తనదానితో కలిపి నలభైకి రెండు తక్కువ. ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఇంటికి వచ్చేపోయే ప్రతి మనిషికీ అందులో ఒకటి. ఎవరిది ఏదో తెలియడానికి మా మగ్గం దగ్గర మిగిలిన గుడ్డ పీలికలు అడిగి తీసుకుపోయి, ఒక్కో గిన్నె కింద ఒక్కో రంగు పీలిక పరిచేది. చిన్నమ్మది ఎరుపు, శ్రీరాంపూర్ తమ్ముడిది నీలం, పాలు పోసే ఆమెది ఆకుపచ్చ. నాది పసుపు.

ఈ పిచ్చి ఎట్లా మొదలైందని అడిగితే ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేది. నాకు తెలిసిందల్లా, శ్రీరాంపూర్‌లో ఉన్నప్పుడు అంగడికి పోయి కూరగాయలు మరిచిపోయి కప్పులతో వచ్చేదని. ఆ రోజు పచ్చిపులుసే. కప్పు కొనేముందు దాన్ని తిరగేసి అడుగు చూసేది. సారె మీదనుంచి కప్పును విడదీయడానికి కుమ్మరి దారంతో కోస్తాడు, ఆ దారం గీతలు అడుగున సుడిలాగా ఉండిపోతాయి. నాకు చూపించి మురిసిపోయేది.

"సూడే పిల్లా, మనకే గాదు, కుమ్మరాయనకు సుత దారం లేంది పని నడువది."

"సూసిన గని వదినా, గది చెయ్యి జారి పడితె?"

"పడితె పగుల్తది."

"గంత మంచిగ చెప్తవేంది?"

"మరి ఏడ్సుకుంట చెప్పాల్నా?"

నాకు అప్పుడు అరవై దాటాయి. ఆమెకు మాత్రం చివరిదాకా నేను "పిల్లా"నే.

మా ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే. పగలవు కదా, ఒక దిగులు తక్కువ. మా వదిన వచ్చినప్పుడు స్టీలు గ్లాసులో చాయ్ ఇస్తే రెండు చేతులా పట్టుకుని ఊదుకుంటూ, "చెయ్యి గాలుతది, చాయ్ సల్లారుతది, గిదేం గ్లాసే" అని సాధించేది. మట్టి గిన్నెలో అయితే చెయ్యి కాలదు, చాయ్ చాలాసేపు వేడిగా ఉంటుంది. అది నిజమే. నేను ఒప్పుకునేదాన్ని కాదు.

కొత్త గిన్నె వస్తే ఒక పూట నీళ్లలో నానబెట్టి, తర్వాత గంజిలో ఉడికించి, నీడలో ఆరబెట్టేది. అట్లా చేస్తే చాయ్ కారదు. ఆ తర్వాత గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఖణ్‌మంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. నన్ను కూడా వినమనేది. నాకు అన్నీ పగిలినట్టే వినిపించేవి.

ఒకసారి బస్సులో జమ్మికుంటకు వస్తున్నాం. ఒడిలో పాత చీర చుట్టిన మూట, అందులో నాలుగు కప్పులు. గుంత వచ్చినప్పుడల్లా మూటను గుండెకు హత్తుకుంటోంది. కండక్టరు ఊరుకోలేదు.

"ఏందమ్మా, ఒడిల చంటిపిల్లనా? టికెట్ దీస్కున్నవా?"

"ఒక్క పిల్ల గాదు కొడుకా, నలుగురు. నలుగురు పండుకున్నరు, జర మెల్లగ నడుపుమను."

బస్సంతా నవ్వింది. నేను ఒక్కదాన్నే నవ్వలేదు, గుంతలు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆదిలాబాద్‌లో మా దగ్గరి వాళ్ల లగ్గానికి పోయినప్పుడు సరిగ్గా ముహూర్తం ముందు ఈమె కనబడలేదు. రోడ్డు దాటుతూ ఏ లారీకో తగిలిందని రూఢి చేసుకుని, లగ్గం బట్టల్లోనే వెతుక్కుంటూ పోయాను. అంగట్లో ఒక ముసలామె ముందు గొంతుక్కూర్చుని ఉంది మా వదిన. ముందర నల్లటి గిన్నెలు. ముసలామెది సగం తెలుగు, సగం మరాఠీ. "ఘే బాయి, ఘే, మంచిగున్నయి" అంటోంది. తీసుకో తల్లీ అని. ఈమె ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

"లగ్గం టైమైతుంది వదినా! ఆడ అందరు అడుగుతున్నరు."

"లగ్గం ఆళ్లది. గిన్నె నాది. జర ఆగు."

ఆ గిన్నెలకు నలుపు ఎట్లా వస్తుందో ముసలామె చేతులతో చేసి చూపించింది. కాల్చేటప్పుడు పొగ బయటికి పోనీయకుండా మూసేస్తారట, ఆ పొగంతా మట్టి తాగేస్తుందట. మా వదిన గిన్నెను చూసి, నన్ను చూసి అన్నది, "నువ్వు సుత గంతే. పొగంత లోపల్నే మూసి పెట్టుకుంటవ్." ముసలామెకు ఏం అర్థమైందో గాని, ఇద్దరూ కలిసి పకపకా నవ్వారు. ఆ రోజు కోపమొచ్చింది నాకు. ఇప్పుడు ఆ నవ్వు చెవిలోంచి పోవడం లేదు.

నా గిన్నె సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మా ఆయన పోయినప్పుడు మా ఇంట్లో నీళ్ల కుండ, పప్పు వండే అటిక, మట్టివన్నీ ఊరి బయట పారబోశారు. మాలో అది పద్ధతి. ఇంట్లో మనిషి పోతే ఇత్తడి, స్టీలు తోమితే చాలు. మట్టి మాత్రం అన్నీ పీల్చుకుంటుందని, ఆ మైల పోదని, తీసేస్తారు. పదకొండో రోజు దాటాక కొత్తవి తెచ్చుకుంటారు. నాకు కొత్త కుండ తెచ్చింది మా వదినే. తమ్ముడు పోయిన బాధ ఆమెకూ ఉంది, కండ్లు వాచి ఉన్నాయి. కుండ దించి, కొంగులోనుంచి ఒక చిన్న గిన్నె తీసింది. ఒక పక్కకు ఒరిగి ఉంది. సారె మీదనే వంకర పోయిందేమో, అంచు ఒకవైపు కిందికి దిగింది.

"గిదేంది వదినా, పడిపోయేటట్టున్నది."

"నీదే. ఎప్పుడు పడిపోతనో అన్నట్టు నిలవడ్తది. గని ఎన్నడు పడది. నేను పది దినాలు బల్ల మీద పెట్టి సూసిన."

ఆ గిన్నెను ఇంటికి తెచ్చుకోలేదు. ఇక్కడ పగిలితే ఏం చెయ్యాలని భయం. "నీ దగ్గరే ఉండనీ వదినా, వచ్చినప్పుడు తాగుత" అన్నాను. అట్లా అది ఆ చెక్క మీద పసుపు పీలిక మీద చేరింది. దిగులు పెట్టుకుని పోయినప్పుడల్లా ముందు అల్లం దంచేది. "ముందుగాల చాయ్ తాగు. ఫికర్ ఏడికి పోతది, ఈడ్నే ఉంటది, తాగినంక చేద్దువు." తాగాక మళ్లీ మొదలుపెడదామంటే సగం మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాస్తాను.

ఆమె పోయిన తొమ్మిదో రోజు. ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఆమె బిడ్డ, నాకు మేనకోడలు, నా దగ్గరికి వచ్చి అడిగింది.

"అత్తమ్మా, రేపు ఏమేం తీసేయాలె? నాకేం తెల్వది. నువ్వెట్ల చెప్తె గట్ల."

ఆ మాట అనేటప్పుడు దాని చూపు చెక్క మీద ఉంది. నేను చూశాను. చూసి కూడా, ఉంచితే ఆ పిల్లకు ఏమైనా అవుతుందేమో, అల్లుడి ఉద్యోగానికి ఏమైనా వస్తుందేమో, పదిమంది ఏమంటారో, తర్వాత ఏ చిన్న జ్వరం వచ్చినా నావల్లే అంటారేమో, ఇన్నీ ఒక్క క్షణంలో అనుకుని, "మట్టిదేదీ ఉంచొద్దు బిడ్డా" అన్నాను.

అది పోయి ఆ మాటే చెప్పింది. వచ్చిన ఆడవాళ్లు గిన్నెలన్నీ తీసి, పీలికలతో సహా రెండు గోనె సంచుల్లో పేర్చి పెరట్లో గోడ కింద పెట్టారు. తెల్లారి ఊరి బయట పారబోయాలి. చెక్క మీద వరుసగా గుండ్రటి మచ్చలు మిగిలాయి.

మధ్యాహ్నం తిన్నాక అందరూ నడుం వాల్చారు. నేను పడుకోలేకపోయాను. సంచుల మీద వాన పడుతోందని లేచి రేకు కప్పాను. పారేసేవాటికి రేకెందుకని వచ్చి కూర్చున్నాను. రేకు గాలికి లేచిందేమోనని మళ్లీ పోయాను. మూడోసారి పోయినప్పుడు సంచి మూతి తెరిచి ఉంది. మీదనే నా గిన్నె. పీలిక తడిసి అంటుకుని ఉంది. గోనె సంచిలో కూడా ఒరిగి నిలబడింది.

తీసుకుందామంటే చెప్పిందాన్ని నేనే. సంచిలోనే వదిలేద్దామంటే చెయ్యి రావడం లేదు. అసలు అన్నీ ఉన్నాయా చూద్దామని ఒక్కోదాన్ని తీసి కింద పెట్టాను. మా వదిన తాగే గిన్నె కనబడలేదు. వెడల్పుగా, ఎర్రగా ఉంటుంది, పెదవి పెట్టే చోట చిన్న పెచ్చు ఊడింది. రెండో సంచీ చూశాను. లేదు. ఎవరో పగలగొట్టారు అనుకున్నాను. నా మాట వల్ల ముందు అదే పోయింది అనుకున్నాను. మేనకోడలికి చెబుదామని వంటింట్లోకి పోయాను.

అది గోడవైపు తిరిగి నిలబడి ఆ గిన్నెలో చాయ్ తాగుతోంది. నన్ను చూడగానే కొంగు కింద దాచింది. చాయ్ ఒలికి చీర తడిసింది.

"తిట్టకు అత్తమ్మా. మా అవ్వ మూతి పెట్టింది. ఎట్ల పారేస్త?"

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వు భయపడ్తవని. నువ్వు భయపడ్తె నాకు ఇంక భయమైతది."

ఆ మాట నన్ను కోసింది. నా భయం నా ఒక్కదానిదే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లు. నాకు నిద్ర పట్టదు, నా బీపీ పెరుగుతుంది, అంతే కదా అనుకున్నాను. తల్లిని పోగొట్టుకున్న పిల్ల సొంత వంటింట్లో దొంగలాగా గోడకు తిరిగి చాయ్ తాగుతోంది.

"నేను తప్పు చెప్పిన బిడ్డా," అన్నాను. "గవి పారేసుడు లేదు."

"మరి అందరేమంటరు?"

"నన్ను అంటరు. పడ్త."

ఏం చెయ్యాలో తెలిసి అన్నది కాదు ఆ మాట. మా వదిన ఎక్కువగా గిన్నెలు కొన్నది ఊరి చివర ఉండే కుమ్మరాయన దగ్గర. ఆయన్ను అడుగుదామని ఆటో పిలిపించాను. ఒక సంచి ఒడిలో, ఒక సంచి కాళ్ల మధ్య. గుంత వచ్చినప్పుడల్లా ప్రాణం పోతోంది.

"ఏందవ్వా గా సంచిల? గంత గట్టిగ పట్టుకున్నవ్?" అన్నాడు ఆటో ఆయన.

"మెల్లగ పోనియ్యి కొడుకా," అన్నాను. "ముప్పై ఏడుగురు ఉన్నరు."

అన్నాక గాని తెలియలేదు, ఆ మాట ఎవరిదో.

కుమ్మరాయన కూడా ముసలివాడే. మా వదినను "అక్కా" అనేవాడు. సంచులు విప్పి ఒక్కో గిన్నెను తిరగేసి అడుగు చూశాడు. తన చేతి గీతలు తనకు తెలుస్తాయట. ఆదిలాబాద్ నల్ల గిన్నెను మాత్రం చాలాసేపు చూసి, "గిది నాది గాదు. గని మంచి చెయ్యి" అన్నాడు. నేను సంగతంతా చెప్పాను. విని నవ్వలేదు, కోప్పడలేదు.

"మట్టి పీల్చుకుంటది, నిజమే చెల్లె. గందుకే తీసేయమంటరు. గని నిప్పుల పడ్డంక దాన్ల ఏముంటది? మల్ల వాముల పెడ్త. కొత్తదానోలె అయితది."

వాము అంటే కుండలు కాల్చే బట్టీ. కొత్తవాటిని కాల్చినట్టే వీటినీ ఇంకోసారి కాలుస్తానన్నాడు.

"పగులయా అన్నా?"

"కొన్ని పగుల్తయి. చాయ్ తాగి తాగి ఉన్నయి, వానకు తడిసినయి. మంచిగ ఎండాలె. ఎన్ని నిలవడ్తయో నేను చెప్ప. గా ముచ్చట నిప్పు చెప్తది."

వానలు తగ్గాలట. దసరా పోయాక దీపావళి ప్రమిదలకు వాము పెడతాడట, ఆ ప్రమిదల మధ్యనే వీటినీ పెడతాడట. కాలినాక రెండు రోజులు ముట్టుకోకూడదు. తొందరపడి విప్పితే చల్లగాలి తగిలి మంచివి కూడా పగులుతాయి. ఈ మాట నా ముఖం చూసి ప్రత్యేకంగా రెండుసార్లు చెప్పాడు. గిన్నెలన్నీ తీసుకుపోయి చూరు కింద, గాలి తగిలే చోట, చెక్క మీద పేర్చాడు. నా గిన్నె దగ్గర ఆగాడు.

"గీ వంకరది ఎవలది? పడేటట్టున్నది. కింద పెట్టాల్నా?"

"నాదే," అన్నాను. "మీదనే పెట్టు. అది పడది."

అన్నాను గాని, ఇంటికి వచ్చిన దగ్గరనుంచి పిల్లి ఏమైనా చూరెక్కి తన్నిందేమోనని ఆలోచిస్తూనే ఉన్నాను. అది వేరే సంగతి.

పదో రోజున అడిగినవాళ్లకు నేనే చెప్పాను, నిప్పుల్లో పెట్టిస్తున్నామని. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. ఒక పెద్దామె, "మంచి పని చేసినవ్, నా గిన్నె సుత అందులనే ఉన్నదా?" అని మెల్లగా అడిగింది. మా వదిన గిన్నెను మాత్రం వాముకు ఇవ్వలేదు. మేనకోడలు అడిగింది, దాన్ని కూడా కాల్పించాలా అని. వద్దన్నాను. మట్టి పీల్చుకుంటుందని మనవాళ్లు అన్నది నిజమైతే, ఎన్ని వేలసార్లు ఆమె తాగిందో ఆ చాయ్ అంతా అందులోనే ఉంది. నిప్పులో పెడితే అది కూడా పోతుంది. ఇంటికి ఏమైనా అవుతుందేమోనన్న భయం నాకు ఇంకా ఉంది. ఉన్నా వద్దన్నాను. ఇప్పుడు చెక్క మీద అది ఒక్కటే ఉంది, చుట్టూ గుండ్రటి మచ్చలతో.

కాబట్టి వాము విప్పే రోజు మీరంతా కుమ్మరాయన దగ్గరికి రావాలి. చిన్నమ్మా, మెట్లు లేవు అక్కడ, భయపడకు. తమ్ముడూ, పొగ అప్పటికి తగ్గి ఉంటుంది, మూతికి దస్తీ కట్టుకుని రా. పెద్దబిడ్డా, నీకు చక్కెర లేకుండా పోస్తాం. ఎవరి గిన్నె నిలిచిందో, ఎవరిది పగిలిందో వచ్చి చూసుకోండి. పగిలినవాళ్లకు అక్కడే కొత్తది ఏరుకోవచ్చు, చెవి దగ్గర పెట్టుకుని విని. మేనకోడలు పెద్ద గిన్నెలో చాయ్ కాచి తెస్తుంది. అల్లం నేను దంచుతాను.

దీపావళికి ముందు వచ్చే ఆదివారం, పొద్దున పది గంటలకు వాము విప్పుతాడు. నేను శనివారమే పోతున్నాను.